కొత్త రౌటరు వచ్చాక గేటు కెమెరా, గీజరు ప్లగ్గు వైఫైకి కలవడం లేదు. వీటిని 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులోకి ఎలా పంపాలి?

పెరటిజామ:

నమస్కారం. మాది తెనాలిలో పాత డాబా ఇల్లు. కింది వాటాలో అమ్మానాన్నలు, పై వాటాలో మేము ఉంటాము. మొన్నటి వరకు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు (వైఫై నడిచే రేడియో తరంగాల శ్రేణి) ఒక్కటే ఇచ్చే పాత రౌటరుతో నెట్టుకొచ్చాము. పోయిన నెలలో ఫైబర్ కనెక్షన్ మార్చుకున్నప్పుడు 2.4, 5 రెండూ ఇచ్చే కొత్త రౌటరు వచ్చింది. బిగించడానికి వచ్చిన అబ్బాయి దానిని పై హాలులో టీవీ పక్కన గోడకు కొట్టి, రెండింటికీ కలిపి ఒకే పేరు పెట్టి వెళ్లాడు. ఆ పేరును నేనే ముచ్చటపడి "మా ఇల్లు" అని తెలుగు అక్షరాలలో పెట్టించాను.

ఫోన్లు, లాప్‌టాప్, టీవీ వెంటనే కలిశాయి. రెండు వస్తువులు మాత్రం మొండికేశాయి. ఒకటి గేటు పైనున్న కెమెరా. మా అక్కావాళ్లు రెండేళ్ల క్రితం అమెరికా నుంచి వస్తూ తెచ్చారు. రెండవది కింది స్నానాలగదిలో గీజరుకు పెట్టిన 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గు, ఇక్కడ కొన్నదే. ఈ రెండూ పాత రౌటరుతో ఏ గొడవా లేకుండా పనిచేశాయి.

ప్లగ్గు మీట నొక్కి పట్టుకుంటే దీపం గబగబా మిణుకుతుంది, యాప్‌లో గుండ్రం తిరిగి తిరిగి చివరకు "పరికరం కనబడలేదు" అని వస్తుంది. కెమెరా తీరు వేరు. ఫోను తెర మీద వచ్చే క్యూఆర్ కోడ్‌ను దాని ముందు పెడితే చదివినట్టు టక్కున శబ్దం చేస్తుంది, రెండు నిమిషాలు ఆలోచించి విఫలమైందని చెబుతుంది. రెండింటి డబ్బాల మీదా "2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే" అని ఉంది. నా ఫోను వైఫై వివరాలలో చూస్తే 5 అని చూపిస్తోంది, దానిని 2.4 కు మార్చే మీట ఎక్కడా దొరకలేదు.

ఫోనును 2.4 కు బలవంతంగా పంపే మార్గం ఉందా? రెండు బ్యాండ్లకూ వేరు వేరు పేర్లు పెట్టుకోమని ఒక మిత్రుడు అంటున్నాడు. అలా చేస్తే టీవీ నెమ్మదిస్తుందేమోనని, పైగా ఫోను ఒక పేరు మీద, కెమెరా మరొక పేరు మీద ఉంటే రెండూ ఒకదానికొకటి కనబడవేమోనని నా భయం.


రాగితీగ:

మీ చివరి భయంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. ఒకే రౌటరు ఇచ్చే 2.4, 5 బ్యాండ్లు ఒకే ఇంటికి ఉన్న రెండు వాకిళ్ల వంటివి. మీ ఫోను 5 లో, కెమెరా 2.4 లో ఉన్నా, అతిథుల నెట్‌వర్క్ వంటిది వాడనంత వరకు రెండూ ఒకే లోగిలిలో ఉన్నట్టే, రౌటరు ద్వారా మాట్లాడుకుంటాయి. బ్యాండు పట్టింపు చాలావరకు మొదటిసారి కలిపేటప్పుడు మాత్రమే.

ఆ మొదటిసారి కూడా అన్ని వస్తువులకూ ఒకే పద్ధతి ఉండదు. మీ రెండు వస్తువుల మొండితనాలు ఒకటి కాదని నాకు అనిపించడానికి కారణం ఇదే.

ప్లగ్గు సంగతి చూద్దాం. దీపం గబగబా మిణుకుతోందంటే చాలా ప్లగ్గులలో అది గాలిలో పొంచి వినే పద్ధతిలో ఉన్నట్టు. అప్పటికి దానికి మీ వైఫై పేరూ తెలియదు, పాస్‌వర్డూ తెలియదు. మీ ఫోను నుంచి రౌటరుకు వెళ్లే ప్యాకెట్లను, అంటే సమాచారపు ముక్కలను, అది పక్కనుంచి గమనిస్తుంది. వాటి లోపల ఏముందో గూఢలిపిలో ఉంటుంది గనుక చదవలేదు, కానీ ఒక్కొక్క ప్యాకెట్టు పొడవెంతో తెలుసుకోగలదు. యాప్ ఆ పొడవులనే అక్షరాలుగా మలచి పేరునూ పాస్‌వర్డునూ అందిస్తుంది. మూసిన కవరు లోపలి ఉత్తరం చదవకుండా, కవర్ల సైజులను బట్టి కబురు తెలుసుకోవడం అన్నమాట. ఎవరు కనిపెట్టారో గానీ గడుసు ఉపాయం. ప్లగ్గులో ఉండే చిప్పు, ఉదాహరణకు ఇలాంటి వాటిలో బాగా వాడే ఈఎస్‌పీ8266, 2.4 గిగాహెర్ట్జ్‌ను మాత్రమే వినగలదు. మీ ఫోను 5 లో మాట్లాడుతుంటే దాని చెవికి అంతా నిశ్శబ్దమే. అందువల్ల ప్లగ్గు కలవకపోవడానికి మీ ఫోను 5 లో ఉండటమే కారణమని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు.

దీనికి రౌటరును ముట్టుకోకుండానే ఒక మార్గం ఉంది. ప్లగ్గు మీటను మరో అయిదారు సెకన్లు నొక్కి పట్టుకుంటే దీపం నెమ్మదిగా మిణకడం మొదలుపెడుతుంది. అప్పుడు ప్లగ్గే ఒక చిన్న హాట్‌స్పాట్ అవుతుంది. ఫోను వైఫై జాబితాలో దాని పేరు కనబడుతుంది, దానికి కలిసి యాప్‌లోకి తిరిగి వస్తే యాప్ నేరుగా ప్లగ్గుకే వివరాలు అప్పగిస్తుంది. ఇక్కడ మీ ఇంటి వైఫైలో ఫోను ఏ బ్యాండులో ఉన్నా ఫరవాలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. ఆ హాట్‌స్పాట్‌లో ఇంటర్నెట్ ఉండదు గనుక ఫోను దానిని వదిలేసి మొబైల్ డేటా వైపు జారిపోతుంది. అందుకని కాసేపు మొబైల్ డేటా ఆపండి, "ఇంటర్నెట్ లేదు, అయినా ఉంటారా" అని అడిగితే ఉంటానని చెప్పండి.

కెమెరా దగ్గరే నాకు అనుమానం. అది పేరు, పాస్‌వర్డులను తన కంటితో క్యూఆర్ కోడ్ నుంచి చదువుకుంటోంది. అంటే మీ ఫోను ఏ బ్యాండులో ఉందన్నది దానికి అక్కరలేదు. చదివినట్టు శబ్దం కూడా చేసింది గనుక కోడ్ అందింది, ఆ తరువాత రౌటరు తలుపు తట్టినప్పుడే ఏదో జరిగింది. రౌటరు పేజీ తెరిచి 2.4 భాగంలో మూడు విషయాలు చూసి ఇక్కడ రాయండి: భద్రత ఏ రకంలో ఉంది, ఛానెల్ (బ్యాండు లోపల రౌటరు వాడుతున్న చిన్న భాగం) ఎంత, దాని వెడల్పు ఎంత. పేజీ చిరునామా సాధారణంగా 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది. రౌటరు అడుగున అంటించిన కాగితం మీద చాలావరకు రాసి ఉంటుంది.


మేడమెట్లు:

రాగితీగ గారు చెప్పినదంతా సబబే గానీ, నేను మా ఇంట్లో చేసిన పని ఇంకా తేలిక. ఫోను పట్టుకుని గేటు దాటి వీధిలోకి నడిచాను. 5 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 5.5 సెంటీమీటర్లు, 2.4 ది సుమారు 12.5 సెంటీమీటర్లు. దూరం పెరిగి, రెండు గోడలూ ఒక స్లాబూ అడ్డుపడేసరికి 5 ముందుగా నీరసిస్తుంది, ఫోను తనంతట తానే 2.4 కు దిగుతుంది. అప్పుడు లోపలికి వచ్చి, అది మళ్లీ 5 కు ఎక్కేలోపు ప్లగ్గు పని కానిచ్చాను. కొన్ని ఫోన్లు మాత్రం ప్రాణం పోతున్నా 5 ను వదలవు, వాటితో ఈ ఉపాయం పారదు.

అతిథుల నెట్‌వర్క్‌ను 2.4 లో మాత్రమే తెరిచి అందులో కలపమని కొందరు సలహా ఇస్తారు. నేను చేసి నాలిక కరుచుకున్నాను. అతిథుల నెట్‌వర్క్ లక్షణమే అందులోని వాటిని ఇంటి మిగతా వస్తువులకు కనబడకుండా విడగొట్టడం. ప్లగ్గు పనిచేసింది గానీ, ఆజ్ఞ ప్రతిసారీ ఇంటర్నెట్ చుట్టూ తిరిగి రావలసి వచ్చింది. నెట్ పోయిన రోజున పక్క గదిలోని గీజరును ఫోనుతో ఆపలేక లేచి వెళ్లి మీట నొక్కాను.


సున్నాఒకటి:

రెండు బ్యాండ్లకూ పేర్లు విడగొట్టమన్న మీ మిత్రుడి సలహాతో నేను సగమే ఏకీభవిస్తాను. పేర్లు విడిపోతే మీ అమ్మానాన్నల ఫోన్లు పై వాటాకు వచ్చినప్పుడు 5 లో, కిందికి వెళ్లినప్పుడు 2.4 లో సాఫీగా మారే సౌకర్యం దెబ్బతింటుంది. ఉమ్మడి పేరును అలాగే ఉంచి, మీ రౌటరు అనుమతిస్తే 2.4 లో మాత్రమే మూడవ పేరు ఒకటి తెరిచి, దానికి ఈ కెమెరాలను, ప్లగ్గులను కలపడం మేలు. అది అతిథుల నెట్‌వర్క్ కాకుండా చూసుకోండి. అటువంటి వీలు లేని రౌటరు అయితే 5 ను పది నిమిషాలు ఆపి, అన్నిటినీ కలిపి, మళ్లీ తెరవండి. ఈ వస్తువులకు 5 ఎలాగూ రాదు గనుక, పేరు ఉమ్మడిగా ఉన్నా అవి 2.4 లోనే ఉండిపోతాయి. అసలు ఇంత చిన్న పనికి వేగం అక్కరలేదు. ప్లగ్గు పంపేది నాలుగు మాటలు, మామూలు హెచ్‌డీ కెమెరాకు సెకనుకు రెండు మెగాబిట్ల చుట్టుపక్కల చాలు.

ఇక కెమెరా విషయంలో నాకు ముగ్గురు అనుమానితులు ఉన్నారు.

మొదటివాడు మీరు ముచ్చటపడి పెట్టిన పేరే. వైఫై పేరుకు 32 బైట్ల హద్దు ఉంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు పడితే, తెలుగులో అక్షరానికే కాక గుణింతపు గుర్తుకూ పొల్లుకూ కూడా మూడేసి బైట్లు పడతాయి. "మా ఇల్లు" లో మ, దీర్ఘం, ఖాళీ, ఇ, ల, పొల్లు, ల, కొమ్ము లెక్కవేస్తే 22 బైట్లు, ఇమిడింది. "అమ్మమ్మగారిల్లు" అని పెట్టబోయి ఉంటే 45 అయ్యేది, రౌటరు ఒప్పుకునేది కాదు. హద్దులో ఇమిడినా, ఇంగ్లీషేతర అక్షరాలను సరిగా మింగలేని చిన్న వస్తువులు కొన్ని ఉంటాయి.

రెండవవాడు భద్రత రకం. వైఫైని పాస్‌వర్డుతో కాపాడే పద్ధతులలో డబ్ల్యూపీఏ2 పాతది, డబ్ల్యూపీఏ3 కొత్తది, దీనిని 2018 లో ప్రకటించారు. కొత్త రౌటర్లు కొన్ని దానిని ఒక్కదానినే తెరిచి వస్తాయి, పాత కెమెరాలకు ఆ భాష రాదు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసి ఉన్న రకాన్ని ఎంచుకోండి, అప్పటికీ కాకపోతే మూడవ పేరుకు డబ్ల్యూపీఏ2 మాత్రమే పెట్టండి.

మూడవవాడిని ఎవరూ అనుమానించరు. కెమెరా అమెరికాది అన్నారు. మన దేశంలో 2.4 బ్యాండులో 1 నుంచి 13 వరకు ఛానెళ్లు వాడవచ్చు. అమెరికాలో అమ్మే వస్తువులు సాధారణంగా 11 దగ్గర ఆగిపోతాయి. మీ రౌటరు ఖాళీ చోటు వెతుక్కుంటూ 12 కో 13 కో వెళ్లి కూర్చుంటే, కెమెరా ఎదుటే నిలబడి అరిచినా దానికి మీ వైఫై ఉన్నట్టే తెలియదు. ఛానెల్‌ను "ఆటో" నుంచి తీసి 1, 6, 11 లలో ఒకటి పెట్టండి. 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి ఆ మూడే గనుక వెడల్పును 20 కే కట్టండి. మీ వీధిలో అందరి రౌటర్లూ వినబడుతుంటే 40 పెట్టడం పక్కవాళ్ల అరుగు మీద కూడా మంచం వేయడమే.


పెరటిజామ:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం గంటన్నర కూర్చుని ఒక్కొక్కటే మార్చి చూశాను. ఒకేసారి అన్నీ మారిస్తే ఏది దోషి అన్నది తేలదని ఆగాను.

ప్లగ్గును మొదట రాగితీగ గారి పద్ధతిలో, దీపం నెమ్మదిగా మిణికేట్టు చేసి కలిపాను. నలభై సెకన్లలో పని అయిపోయింది, అదీ "మా ఇల్లు" పేరు మీదనే. యాప్‌లో పేరు ఉండవలసిన చోట ప్రశ్నార్థకాలు వరుసగా కనబడుతున్నాయి గానీ గీజరు ఆన్ అవుతోంది, ఆఫ్ అవుతోంది. కాబట్టి సున్నాఒకటి గారి మొదటి అనుమానితుడు కనీసం ప్లగ్గు విషయంలో నిర్దోషి.

కెమెరా కోసం రౌటరు పేజీ తెరిస్తే భద్రత ముందునుంచే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసిన రకంలో ఉంది. అయినా 2.4 లో మూడవ పేరు ఒకటి, ఇంగ్లీషు అక్షరాలలో, డబ్ల్యూపీఏ2 తో తెరిచి ప్రయత్నించాను. కలవలేదు. అప్పుడు ఛానెల్ వైపు చూస్తే, "ఆటో" పక్కన చిన్న అక్షరాలలో "ప్రస్తుతం 13" అని ఉంది! దానిని 6 కు మార్చి కోడ్ చూపించాను. శబ్దం చేసిన పావు నిమిషానికి మా గేటు, గేటు ముందు పడుకున్న వీధి కుక్క తెర మీద ప్రత్యక్షమయ్యాయి. మా పాత రౌటరు 1 నుంచి 11 లోపు ఎక్కడో ఉండి ఉంటుంది, అందుకే ఇన్నాళ్లూ ఈ గొడవ తెలియలేదు.

ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ టీవీ 2.4 లో కలుస్తోంది, రాత్రి సినిమా మధ్యలో ఆగి ఆగి వస్తోంది. టీవీ రౌటరుకు రెండు అడుగుల దూరంలో ఉంది, 5 ఎంతో బలంగా అందాలి కదా? వైఫై ఆపి మళ్లీ తెరిస్తే 5 లోకి వస్తోంది. కరెంటు మాకు రోజుకు రెండుసార్లయినా పోతుంది.


రాగితీగ:

ఛానెల్ 13 అని చదివి నవ్వుకున్నాను. నేను ఇంకో వారం భద్రత సెట్టింగుల చుట్టూ తిరిగేవాడిని.

టీవీ చిక్కు కూడా ఛానెల్‌దే అనుకుంటున్నాను, ఈసారి 5 లో. మీ 5 గిగాహెర్ట్జ్ ఛానెల్ 52 నుంచి 144 లోపు ఉందేమో చూడండి. ఆ భాగాన్ని వాతావరణ రాడార్ల వంటివి కూడా వాడుకుంటాయి. అందుకని రౌటర్లు ఆ ఛానెళ్లలో గొంతు విప్పే ముందు కనీసం 60 సెకన్లు మౌనంగా విని, రాడారు లేదని నమ్మకం కుదిరాకే మొదలుపెడతాయి. కరెంటు వచ్చిన వెంటనే జరిగేది ఇది: రౌటరు లేస్తుంది, 2.4 వెంటనే పలుకుతుంది, 5 ఇంకా చెవి రిక్కించి వింటూ ఉంటుంది. ఈలోపు టీవీ లేచి, "మా ఇల్లు" అన్న పేరు 2.4 లో కనబడగానే అందులో దూరిపోతుంది. ఒకసారి కుదురుకున్నాక టీవీలు తమంతట తాము లేచి మరో బ్యాండుకు మారడం తక్కువ. మీ రెండు అడుగుల దూరంలో 2.4 సిగ్నల్ కూడా నిండుగానే ఉంటుంది కదా, దానికి కదలవలసిన అవసరం తోచదు.

5 ఛానెల్‌ను 36, 40, 44, 48 లలో ఒకదానిలో గానీ, 149 నుంచి 161 వరకు ఉన్న వాటిలో గానీ స్థిరంగా పెట్టండి. ఆ భాగాలలో ఈ నిరీక్షణ ఉండదు. రౌటరుకు చిన్న యూపీఎస్ ఒకటి పెట్టినా సమస్య తీరుతుంది. ఇంటర్నెట్ కూడా కరెంటుతో పాటు పోకుండా ఉంటుంది.

రెండు అడుగులే గనుక కేబుల్ వేస్తే సరిపోతుంది కదా అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. వేయవచ్చు, నిలకడ దానిదే. అయితే చాలా టీవీల వెనుక ఉండే పోర్టు సెకనుకు 100 మెగాబిట్లకే పరిమితం, 5 లో వైఫై అంతకు మించి ఇవ్వగలదు. 4కె సినిమాకు సుమారు 25 మెగాబిట్లు సరిపోతాయి గనుక చూడటానికి మీకు తేడా కనబడదు. వేగపరీక్ష అంకె తగ్గిందని మాత్రం కంగారుపడకండి.


మేడమెట్లు:

గీజరు ప్లగ్గు గురించి ఒక చిన్న మాట, విషయం కాస్త పక్కకు జరుగుతున్నా. కింది స్నానాలగదిలో రౌటరు సిగ్నల్ ఎంత అందుతోందో యాప్‌లో పరికరం వివరాలలో చూడండి. సున్నాకు దగ్గరగా ఉన్నకొద్దీ మంచిది: మైనస్ 50 అయితే భేషు, మైనస్ 70 దాటితే అప్పుడప్పుడు జారిపోతుంది, మైనస్ 80 అయితే ఆశ వదులుకోవచ్చు. మా ఇంట్లో రౌటరుకూ ప్లగ్గుకూ మధ్య ఇనుప బీరువా ఉండేది. దానిని మూడు అడుగులు జరిపితే మైనస్ 78 కాస్తా మైనస్ 69 అయింది.


పెరటిజామ:

5 ఛానెల్ 100 లో ఉంది, 44 కు మార్చాను. ఇవాళ ఉదయం ఏడింటికీ, మధ్యాహ్నం రెండింటికీ కరెంటు పోయి వచ్చింది, రెండుసార్లూ టీవీ 5 లోనే లేచింది. కెమెరా మైనస్ 63, ప్లగ్గు మైనస్ 71 చూపిస్తున్నాయి. మధ్యలో మా అమ్మ బీరువా ఉంది. దానిని జరపమని అడిగే ధైర్యం నాకు లేదు గనుక, రౌటరునే టీవీ పక్కనుంచి మేడమెట్ల పైన ఉన్న గూటిలోకి మారుద్దామని ఫైబర్ తీగ పొడవు కొలుస్తున్నాను.